హాల్లో బల్ల, బల్ల కింద పెట్టె

మార్చి 3, ఉదయం

ఎర్ర బొత్తాం నొక్కాను. వెలిగింది. అంటే వింటోందన్నమాట.

నాకు అక్షరం ముక్క రాదు. అంకెలు వచ్చు, తూకం చూసుకోవాలి కదా. ఈ ఫోన్‌లో మాట్లాడితే మాటలు అక్షరాలవుతాయి. కింది బొత్తాం నొక్కితే తిరిగి చదివి వినిపిస్తుంది. నా కూతురు ఆ-యున్ పెట్టింది ఇదంతా. నీ తిట్లన్నీ ఇందులో పోసుకో అమ్మా, ఊళ్లో జనాన్ని వదిలెయ్ అంది. నవ్వి పక్కన పడేశాను. అది పోయి రెండేళ్లవుతోంది. ఇన్నాళ్లూ దీని జోలికి పోలేదు.

ఇవాళ పని పడింది. నా మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రేపెవరైనా ‘ముసలి ఆ-రుయి ఏమీ అనలేదు, ఒప్పేసుకుంది’ అంటే, ఇదిగో సాక్ష్యం.

జరిగింది ఇది. ఆ-యున్ ఫోన్ కూడా నా దగ్గరే ఉంది. అన్నం కుక్కర్ పక్కన ఛార్జర్‌కి తగిలించి ఉంచుతాను. రోజూ దానికి ఏవో వస్తుంటాయి. టింగ్ అంటుంది. నేను పొయ్యి దగ్గరున్నా, పెరట్లో ఉన్నా, ‘ఆ, వింటున్నా’ అంటాను. ఏం వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఊరికే అంటాను. అలవాటు.

ఇవాళ టింగ్ అనలేదు, మోగింది. లో మేయ్. తైపేలో ఆ-యున్‌తో కలిసి పనిచేసిన పిల్ల. పిల్లేమిటి, నలభై దాటింది. పిన్నీ, ఆ-యున్ రాసిన చిన్న ప్రోగ్రాం ఒకటుంది, ఒసాకాలో నిషివాకి అని ఒకాయన దాన్ని తనకి అప్పగించమంటున్నాడు, ఇకనుంచి తను చూసుకుంటాడట అంది.

దేన్ని చూసుకుంటాడు, నా కూతుర్నా? బతికుండగా ఎక్కడికి పోయాడు? అన్నాను.

కూతుర్ని కాదు పిన్నీ, ప్రోగ్రాంని అంది.

ఫోన్ పెట్టెయ్ అన్నాను. అని, దానికంటే ముందు నేనే పెట్టేశాను.

మార్చి 4

ఎవడా నిషివాకి.

మార్చి 11, సాయంత్రం

లో మేయ్ ఊరుకోలేదు, బస్సెక్కి వచ్చేసింది. అనాసపండు కేకుల డబ్బా తెచ్చింది. డబ్బా తీసుకుని చేతిలో కత్తి పెట్టాను. షెడ్డులో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఆల్చిప్పలు ఒలవాల్సిందే, మాటలైతే ఒలుస్తూ మాట్లాడు అన్నాను. పక్క పీట మీద జిన్-జీ ఉంది. నలభై ఏళ్లుగా నా పక్క పీట దానిదే. లో మేయ్ చిప్పని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంటే, ఏమే తైపే పిల్లా, పెళ్లిచూపులా ఇవి, మొహం చూస్తావేంటి, కత్తి దూర్చు అంది జిన్-జీ.

ఆల్చిప్ప ఒంటిగా పెరగదు. ఒకదాని వీపు మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. గుత్తి చేతిలోకి తీసుకున్నాక చివరి చిప్ప దాకా పోవాలి, సగంలో కింద పెట్టకూడదు. లో మేయ్ ఒక గుత్తి ఎత్తి చూపించి, ఇదే పిన్నీ ఆ-యున్ రాసింది అంది. కంప్యూటర్లో ఫోల్డర్ అని ఉంటుందట. అందులో కాగితాలుంటాయి, పాటలుంటాయి, ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫోల్డర్లో ఇంకోటి. ఎంత లోతుందో బయటినుంచి కనిపించదు. ఆ-యున్ ప్రోగ్రాం లోపలికి వెళ్తుంది. కనబడిన ప్రతిదాని పేరూ చెప్తుంది. ఫోల్డర్ కనబడితే దాన్నీ విప్పుకుని లోపలికి పోతుంది. ఇక విప్పడానికేమీ లేదు అన్నప్పుడు బయటికొస్తుంది.

దానికి ఆ-యున్ పెట్టిన పేరు ‘ఓ-ఆ’. ఆల్చిప్పని ఇక్కడ మేం పిలిచే పేరే.

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు నా ఎదురుగా కూర్చుని, అమ్మా అయిపోయిందా, దీనికింద ఇంకోటుందా అని ప్రాణం తీసేది. చిప్పల కంపు పడదని చదువుకి పోయిందనుకున్నాను.

చాలా చిన్నది పిన్నీ, కానీ మంచిది, అందుకని ఎవరెవరో తమ ప్రోగ్రాముల్లో పెట్టుకున్నారు, వాళ్లవి ఇంకొకరు పెట్టుకున్నారు, ఇప్పుడు అది ఎక్కడెక్కడుందో ఎవరికీ తెలీదు అంది లో మేయ్.

మరి ఏం రోగం, ఎందుకు అప్పగించాలి అన్నాను.

ఒక లోపం ఉందట. కొన్ని ఫోల్డర్లలో ఒక దొంగ గుమ్మం ఉంటుంది. లోపలికే అనుకుని దాటితే మళ్లీ బయటి వాకిట్లో వదిలేస్తుంది. ఆ-యున్ ప్రోగ్రాంకి ఆ సంగతి తెలీదు. వాకిట్లోంచి మళ్లీ లోపలికి, గుమ్మం దాటి మళ్లీ వాకిట్లోకి. తిరుగుతూనే ఉంటుంది, మిషన్ అలిసి కూలబడేదాకా. వచ్చే సెలవుల్లో సరిచేస్తానని ఆ-యున్ అందరికీ మాటిచ్చింది. ఆ సెలవుల్లోనే ఆసుపత్రిలో చేరింది.

అప్పట్నుంచీ జనం దానికి రాస్తూనే ఉన్నారట. నా కుక్కర్ పక్కన టింగులన్నీ అవే. మొదట్లో లోపం గురించి రాసేవాళ్లు, తర్వాత్తర్వాత అందరూ ఒకటే రాస్తున్నారు పిన్నీ అంది. ఏమని అన్నాను. ‘ఎవరైనా ఉన్నారా’ అని.

నేను ఇంకో గుత్తి అందుకున్నాను. జిన్-జీ కూడా వెక్కిరించకుండా ఒకటి అందుకుంది, అది మాత్రం వింత.

ఆ లోపాన్ని నిషివాకి సరిచేసి పెట్టుకున్నాడట, అది అందరికీ చేరాలంటే ప్రోగ్రాం అతని చేతికి రావాలి. ఆ-యున్ కంప్యూటర్ ఇప్పుడు లో మేయ్ దగ్గరే ఉంది. కానీ అప్పగించాలంటే ఆరు అంకెలు కావాలి. అవి ఆ-యున్ ఫోన్‌కే వస్తాయి. నేను చదివి చెప్పాలి. చెప్పకపోతే నిషివాకి వేరే పేరుతో ఇంకోటి రాసుకుంటాడు. జనమంతా అటు పోతారు. ఓ-ఆ పాడుబడిపోతుంది.

ఆ ప్రోగ్రాం మొదట్లో ఏముంటుంది అని అడిగాను.

ఆ-యున్ పేరు పిన్నీ. వెంగ్ పీ-యున్.

అప్పగిస్తే?

లో మేయ్ చిప్ప వైపు చూసింది. సామాన్యంగా తీసెయ్యరు పిన్నీ అంది.

సామాన్యంగా! అంకెలు ఇవ్వను పో అన్నాను.

ఏప్రిల్ 5

సమాధులు శుభ్రం చేసి అందరం మరిది ఆ-తూ ఇంటికి చేరాం. పోయినవాళ్ల పేర్లు పెట్టి పూజించే పెద్దల బల్ల వాళ్ల హాల్లోనే ఉంది. నా మామగారు, అత్తగారు, నా మొగుడు, అందరి పేర్లూ దాని మీదే. రేపు నేను పోతే నా పేరూ ఎక్కుతుంది. నేను కన్నపిల్లది ఎక్కదు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి.

బల్ల కింద ఆ-తూ కొత్త పాటల పెట్టె పెట్టాడు. మైకు పట్టుకుని పాడుకునేది. పక్కన టీవీ. తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉంది. వచ్చినవాళ్లందరికీ పాట వినిపిస్తానని మైకు పట్టుకుని నిలబడ్డాడు. చక్రం ఆగదు. పాటలు వెతుకుతోంది వదినా, కొట్టువాడు చాలా పాటలు ఎక్కించాడు అన్నాడు. మేం భోజనాలు ముగించాం. చక్రం తిరుగుతూనే ఉంది. రెండు దెబ్బలు వేశాడు. ఏమీ లేదు. నీ గొంతు వినాలంటే దానికీ భయమే అన్నాను. మా తోటికోడలు పొలమారేలా నవ్వింది.

ఆ నవ్వులోనే అడిగేశాను. ఆ-యున్ పేరు ఈ బల్ల మీద పెట్టు అన్నాను.

నవ్వు ఆగిపోయింది. వదినా, ఆచారం నేను పెట్టానా? పరాయింటికి పోవాల్సిన పేరు అది, ఇక్కడ పెడితే పెద్దలు ఊరుకుంటారా? అన్నాడు. చెడ్డవాడు కాదు ఆ-తూ. అదే నా ప్రాణానికొచ్చింది. చెడ్డవాడైతే సులువు. దగ్గరికి జరిగి, ఇంకో దారుంది అన్నాడు. దాని వెంట్రుకలేమైనా ఉంటే ఎర్ర కవర్లో పెట్టి రోడ్డు మీద వదులుదాం, తీసినవాడికిచ్చి పెళ్లి చేద్దాం, వాళ్లింటి బల్ల మీద చోటు దొరుకుతుంది.

బతికుండగా డాక్టర్ సంబంధాన్నే తిప్పి పంపింది, ఇప్పుడు దారిన పోయేవాడికి కట్టబెడతావా అన్నాను. కవరు అంత ముచ్చటగా ఉంటే నువ్వు పెట్టుకో, నీకెవరొస్తారో చూద్దాం. అయ్యో, నీకు పెట్టడానికి వెంట్రుక కూడా లేదే.

ఎవరూ నవ్వలేదు. ఇంటికొచ్చేశాను.

ఏప్రిల్ 6

బస్సులో జియాయి వెళ్లాను. పెళ్లికాని ఆడపిల్లల పేర్లు పెట్టే మందిరం. అరల నిండా చిన్న చెక్కలు. నా పిల్లది పైనుంచి రెండో అర. దాని పేరు మా రాతలో మూడక్షరాలు, నాకు తెలిసిన అక్షరాలు లోకంలో ఆ మూడే. మొదటిదానికి కింద రెక్కలుంటాయి. రెండోదాని పాదం రాయి. మూడోదాని నెత్తిన వాన. ఆ-యున్ చిన్నప్పుడు నేలమీద గీసి చూపించింది. అమ్మా, నా నెత్తిన ఎప్పుడూ వానే చూడు అనేది.

పక్క చెక్క మీద దుమ్ము ఉంది. ఎవరి పిల్లో. తుడిచాను.

ఏప్రిల్ 9

వాన. చిప్పలు రాలేదు. ఫోన్ టింగ్ అంది. ఆ, వింటున్నా.

ఏప్రిల్ 20

లో మేయ్‌కి ఫోన్ చేశాను. రాసుకో, ఆ ఒసాకావాడికి పంపు అన్నాను. చెప్పింది ఇది, ఇక్కడ కూడా ఉండనీ.

‘నేను వెంగ్ పీ-యున్ తల్లిని. చదువు రాదు, కాబట్టి అలంకారాలు ఉండవు. నువ్వు రిపేరు చేశావట. సంతోషం. కానీ కప్పు బాగుచేసినవాడు ఇల్లు నాదనకూడదు. దాని గుమ్మం మీద నా కూతురి పేరుంది. అది సొంత ఇంట్లో చోటు దొరకని పేరు. అక్కడ కూడా పీకేస్తే ఎక్కడికి పోవాలి? నీ పేరు పెట్టుకోవాలని ఉంటే ముందే చెప్పు. వంగి దండాలు పెట్టి తర్వాత మోసం చేస్తే ఓడెక్కి మరీ వస్తాను.’

కొంచెం మెత్తగా మార్చనా పిన్నీ అంది. మార్చి చూడు, నాకు తెలీకపోతుందా అన్నాను. ఎలా తెలుస్తుందో నాకే తెలీదు. భయపడింది, మార్చలేదు.

ఏప్రిల్ 24

జవాబు వచ్చింది. లో మేయ్ మన భాషలోకి మార్చి చదివింది.

ఆయన వయసు అరవై. ఓడ గురించి చదివి లేచి నిలబడ్డానని రాశాడు. పేరు తియ్యను, తియ్యకూడదు కూడా అన్నాడు. ప్రోగ్రాం మొదట్లో ఆ-యున్ ఒక ముక్క రాసిపెట్టిందట. ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, ఏ పనికైనా వాడుకోండి, ఈ పేరు మాత్రం తీయకండి అని. ఈ పని చేసేవాళ్లందరిలోనూ అదే ఆచారమట. ఎంతమంది చేతులు మారినా మొదట రాసినవాళ్ల పేరు అలాగే మోసుకుపోతారు. పెళ్లయిందా, ఏ ఊరు, ఏ ఇల్లు అని అడగరు.

ఆ చివరి మాట ఆయన రాయలేదు. నేనే లో మేయ్‌ని అడిగాను, పెళ్లికానివాళ్ల పేరైనా మోస్తారా అని. అవన్నీ ఎవరడుగుతారు పిన్నీ అంది.

తను చేర్చింది చాలా చిన్న పని అన్నాడు. చూసిన గదిని గుర్తుపెట్టుకోవడం. మళ్లీ అదే గది ఎదురైతే, ఇది చూశాను అని వెనక్కి తిరగడం. అంతే. చివర్లో ఇంకో మాట. రెండు చలికాలాల కింద ‘ఎవరైనా ఉన్నారా’ అని నేనూ రాశాను, ఆమె లేరని తెలీదు, విసుగ్గా రాశాను, క్షమించండి అని.

మళ్లీ చదవమన్నాను. చదివింది.

మే 2

ఇంకేం అడ్డం పిన్నీ, పేరు ఉంటుందన్నాడుగా అని లో మేయ్ అడిగింది.

అప్పగించేస్తే జనం రాసేవి ఎవరికి పోతాయి అన్నాను.

ఆయనకే. ఈ ఫోన్‌కి ఇక ఏమీ రావు, నీకు గొడవ ఉండదు అంది.

చిప్పలు పాడైపోతున్నాయి అని పెట్టేశాను. షెడ్డులో అప్పుడు చిప్పలే లేవు.

మే 3

జిన్-జీ కనిపెట్టేసింది. ఏమే, మొగుడు పోయినప్పుడు కూడా కన్ను తడవలేదు నీది, ఇవాళ గిన్నెలో ఉప్పు ఎక్కువైందేంటి అంది. సముద్రం నీళ్లు అన్నాను. సముద్రం నీ ముక్కులోంచి వస్తోందా అంది. కత్తి చూపించాను. పీట నా వైపు జరుపుకుని కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరం ఒలుస్తూనే ఉన్నాం.

మే 14

వచ్చినవి మన భాషలోకి మార్చి పైకి చదివేలా ఆ-యున్ ఫోన్‌ని లో మేయ్ మార్చింది. ఇవాళ ఒకటి వచ్చింది. చదివింది. ఏ దేశం పిల్లో తెలీదు. కాలేజీలో అప్పజెప్పాల్సిన పని మిషన్‌లో ఇరుక్కుపోయిందట, ఉదయం నుంచీ చక్రం తిరుగుతోందట. దయచేసి ఎవరైనా, ఎవరైనా చాలు అని రాసింది.

ఆ, వింటున్నా అన్నాను.

అని, ఆగిపోయాను. రెండేళ్లుగా వింటున్నాను. వింటున్నానని వాళ్లకేం తెలుసు? నేను ఇక్కడ ఆ అంటుంటాను, వాళ్లు అక్కడ పిలుస్తుంటారు. నా పిల్ల మాటిచ్చి పోయింది. దాని మాట మీద కూర్చుని నేను కాలక్షేపం చేస్తున్నాను.

చక్రం. ఆ-తూ పెట్టెలో కూడా చక్రమే తిరిగింది. అలాంటి పెట్టెలు ఎన్నున్నాయో.

మే 15, ఉదయం

లో మేయ్‌కి చెప్పాను. ఆమె అక్కడ ఏదో నొక్కింది. ఇక్కడ టింగ్ అంది. అంకెలు వచ్చాయి. ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాను.

నాలుగు అన్నాను. ఊ అంది. సున్నా. ఊ. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. రెండు. చివరిదాని దగ్గర ఆగాను. పిన్నీ, ఉన్నావా, కాసేపట్లో అంకెలు మారిపోతాయి అంది. ఉన్నాను, తొందరేంటి, చిప్పలకి కూడా ఇంత తొందర ఉండదు అన్నాను. కుక్కర్ ఆవిరి కొడుతోంది. అన్నం వాసన వస్తోంది.

ఏడు అన్నాను.

అయిపోయింది పిన్నీ అంది.

మే 16

ఏమీ రాలేదు.

మే 17

ఆ అన్నాను. ఎవరూ పిలవలేదు.

జూన్ 22

పడవ పందాలు. జిన్-జీ రమ్మంది. వెళ్లాను, ఎండగా ఉందని తిట్టి వచ్చేశాను. ఆ-యున్ ఫోన్ ఛార్జర్ ఇంకా పీకలేదు. అన్నం కుక్కర్‌కి తోడు.

జూలై 8

ఆ-తూ ఎదురుపడ్డాడు. ఏప్రిల్ నుంచీ మా మధ్య మాటల్లేవు. తనే కదిపాడు. వదినా, పాటల పెట్టె బాగైంది, ఇన్నాళ్లకి దెబ్బ సరిగ్గా తగిలింది, తెర మీద అప్‌డేట్ అని ఏదో వచ్చింది, ఇప్పుడు మీట నొక్కితే చాలు పాటలన్నీ వరసగా వచ్చేస్తున్నాయి అన్నాడు. ఇక ఊళ్లో నిద్రలుండవు అన్నాను. నవ్వాడు. బతిమాలినట్టే నవ్వాడు.

ఆగస్టు 30

చాంద్రమానం ఏడో నెల పౌర్ణమి పూజ. వీధిలో బల్లలు వేసి దిక్కులేని ఆత్మలకి అందరూ వడ్డించారు. నేను ఆల్చిప్పల అట్టు వేశాను. ఆ-యున్‌కి అంచులు మాడాలి, మాడ్చాను. తెలీనివాళ్లకి వీధిలో వడ్డిస్తారు, తెలిసినవాళ్లకి హాల్లో. నా పిల్ల రెండిటికీ మధ్య ఎక్కడ నిలబడుతుందో.

లో మేయ్ వచ్చింది. ఆ-తూ దాన్ని వదల్లేదు. తైపే అమ్మాయీ, నీకు మిషన్లు తెలుసట, ఈ పెట్టెలో అక్షరాలు పెద్దవి చెయ్యి, కళ్లు ఆనడం లేదు అని హాల్లోకి లాక్కెళ్లాడు. నేనూ వెళ్లాను. అగరుబత్తుల పొగ. లో మేయ్ రిమోట్ తీసుకుని ఏవేవో తెరిచింది. ఒకటి తెరిస్తే ఇంకొకటి, దానిలో మరొకటి. ఒక చోట ఆగిపోయింది. నా వైపు చూసింది. తెర వైపు చెయ్యి చూపించింది.

తెర నిండా చీమల్లా ఇంగ్లీషు అక్షరాలు. ఈ పెట్టె తయారుచేయడానికి ఎవరెవరు రాసింది వాడుకున్నారో వాళ్ల పేర్లట. చీమల బారు మధ్యలో మూడు మాత్రం మనవి. మొదటిదానికి రెక్కలు. రెండోదాని పాదం రాయి. మూడోదాని నెత్తిన వాన.

ఆ-తూ అక్కడే ఉన్నాడు. ఏంటది, పాటల జాబితానా అన్నాడు.

నేను పైకి చూశాను. బల్ల. బల్ల మీద నా మొగుడు. కిందికి చూశాను. పెట్టె. ఇది ఎప్పట్నుంచి ఇక్కడుంది అని ఆ-తూని అడిగాను. ఏం వదినా, సమాధుల పండక్కి ముందే కొన్నానుగా, నువ్వు కూడా ఎగతాళి చేశావు అన్నాడు.

ఆ-యున్ పేరు పెట్టు అని నేను అడిగిన రోజున, అది ఇక్కడే ఉంది. పెద్దలు ఊరుకున్నారు.

చెప్పెయ్యనా అని లో మేయ్ నా చెవిలో అడిగింది. నోరు మూసుకుని ఆ పేజీకి ఎలా వెళ్లాలో నేర్పు అన్నాను. అక్షరాలు రాకపోతేనేం, బాణం గుర్తు ఎన్నిసార్లు నొక్కాలో చెప్పు.

సెప్టెంబర్ 15, చాంద్రమానం ఒకటో తేదీ

అగరుబత్తి వెలిగించాను. రిమోట్ తీసుకున్నాను. ఏం పాట వదినా అని ఆ-తూ అడిగాడు. పాట కాదు, టోపీ తీసి నిలబడు అన్నాను. నిలబడ్డాడు.

ఊరు. ఊళ్లో ఇల్లు. ఇంట్లో హాలు. హాల్లో బల్ల. బల్ల కింద పెట్టె. పెట్టెలో గదులు. గదిలో గది. దానిలో ఆ-యున్.

ఆ, వింటున్నా.